అలిగిన నీడ ఎవరిది?

"తలుపు తీస్తావా, పగలగొట్టమంటావా?"

పెద్దత్తయ్య అన్నంత పనీ చేసే మనిషి. కాన్పుల ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ ఒక్క కేక వేస్తే నెలలు నిండని బిడ్డ కూడా జడుసుకుని బయటికొచ్చేసేదని ఇంట్లో వేళాకోళం. అలాంటి కేకకి కూడా చదువుగది తలుపు కదల్లేదు. లోపల ఉన్నది ఆవిడ సొంత చెల్లెలు, ఈ ఇంటి అత్తగారు మరి. మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు.

గుమ్మం దగ్గర పెట్టిన కాఫీ మీద తెట్టు కట్టింది. కోడలు రెండో కప్పు పట్టుకుని నిలబడింది. అదీ చల్లారుతోంది.

"నిన్న సాయంత్రం పెట్టుకున్న గడియ! ఏం, నేనేమైనా కాని మాట అన్నానా? ఉన్న మాటేగా అన్నాను" అంది పెద్దత్తయ్య, తలుపుతోనే.

"ఉన్న మాటే పెద్దత్తయ్యా" అంది కోడలు నీరసంగా. "లేని మాటయితే ఇంత గొడవే ఉండేది కాదు."

నిన్న జరిగింది పైకి చెప్పుకుంటే నవ్వులాటే. అయిదేళ్ళ మనవరాలు అన్నం తిననని మొరాయిస్తే అత్తగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది. అనగనగా ఒక పిల్ల. అన్నీ తనొక్కతే తినేస్తోందని ఆ పిల్ల నీడ అలిగి, ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. నీడ లేని పిల్లని ఎండ ఎవరు నువ్వంది, గోడ ఎవరు నువ్వంది. పిల్ల ఏడ్చుకుంటూ నీడని వెతుక్కుంటూ పోయి, కాళ్ళావేళ్ళా పడితే, నీడ చివరికి ఒక్క షరతు మీద తిరిగొచ్చింది. సగం ముద్ద నీకు, సగం ముద్ద నాకు.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పెద్దత్తయ్య పకాలున నవ్వింది.

"ఈ సోది ఇంకా మర్చిపోలేదుటే నువ్వు! కరెంటు పోయిన రోజు గోడ మీద నీ నీడ చూసి నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే, అమ్మ అప్పటికప్పుడు అల్లిన కథ కదూ? నేను పక్కన కూర్చుని దీపం వత్తి ఎగదోస్తున్నాను."

అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కోడలికి కాళ్ళ కింద నేల కదిలింది.

కదలదూ మరి! ఆ కథ మీదే అత్తగారి బతుకంతా నిలబడి ఉంది. యూనివర్సిటీలో జానపద కథల ప్రొఫెసరు ఆవిడ. అటెండరు దగ్గర్నుంచి వైస్ ఛాన్సలర్ దాకా అందరికీ 'కథలమ్మ'. వయసులో ఉండగా టేప్ రికార్డరు భుజాన వేసుకుని కొండల్లో తిరుగుతుంటే, ఒక ముసలి అవ్వ నోట ఇదే కథ వినబడింది. అక్కడ అది పిల్లల కథ కాదు, తొలి తల్లి కథ. ఆ తల్లి అలిగిన నీడని వెతుక్కుంటూ కొండ తర్వాత కొండ దాటుతుంది. పాడితే ఒక పూట పడుతుంది. ఇంత పాతదా ఇది, అని అడిగితే, మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది, అంది ఆ ముసలామె.

కింద మైదానంలో మా అమ్మ అన్నం పెడుతూ చెప్పిందీ ఇదే, పైన కొండ మీద ఈవిడ పాడిందీ ఇదే. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అంటే రెండూ ఒకే పాతకాలపు కథ నుంచి వచ్చి ఉండాలి, అది వెయ్యేళ్ళ నాటిదైనా అయ్యుండాలి అని రాసింది అత్తగారు. దేశదేశాల పండితులు ఔరా అన్నారు. ఆవిడ ప్రొఫెసరైంది.

కోడలు ఆవిడ శిష్యురాలు. ఆవిడ కొడుకుని చేసుకోవడం తర్వాతి సంగతి. ఆ కథ నడిచిన దారి పట్టుకుని, వెయ్యేళ్ళ కిందట జనం ఎటు నుంచి ఎటు వలస పోయారో చూపించి డాక్టరేటు తెచ్చుకుంది. అప్పట్నుంచీ టెంపరరీ లెక్చరరు. ఏటా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నలిగి నలిగి, ఇన్నాళ్ళకి పర్మనెంటు పోస్టుకి పిలుపొచ్చింది. రేపు ఉదయమే ఇంటర్వ్యూ.

ఇవాళ సాయంత్రం, రిటైరవుతున్న కథలమ్మ ఆఖరి ఉపన్యాసం. వినడానికొచ్చే పెద్దల్లో రేపటి సెలక్షన్ కమిటీ చైర్మను కూడా ఉన్నాడు.

"అమ్మాయ్, కంగారు పడకు" అన్నారు మామగారు, పేపరు మడిచి పక్కన పెడుతూ. "దీన్ని మనం నింపాదిగా ఆలోచించాలి."

మామగారు అన్నీ నింపాదిగానే ఆలోచిస్తారు. అసలు చదివింది కెమిస్ట్రీ. ల్యాబులో ఏదో పొగ లేచి కళ్ళు మండితే, పక్క బిల్డింగులో చల్లగా ఉందని తత్వశాస్త్రం క్లాసులోకి వెళ్ళి కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. అబద్ధం అంటే ఏమిటి అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని మూడు లావుపాటి పుస్తకాలు రాసి, ప్రొఫెసరుగా రిటైరయ్యారు.

"మీ అత్తయ్య ఇవాళ ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది అబద్ధం కాదు. తెలిసి చెప్పకపోవడానికీ, తెలిసి తప్పు చెప్పడానికీ చాలా తేడా ఉంది. మూడో పుస్తకంలో రాశాను."

"మూడోది ఎవరూ చదవలేదు కనక సరిపోయింది మరిదిగారూ" అంది పెద్దత్తయ్య. "ఇంతకీ మా అమ్మ సంగతేమిటి? ఎవరో ఊరూ పేరూ లేని పూర్వీకులు కట్టారని పుస్తకాల్లో అచ్చేశారుట, నాకు నిన్నటిదాకా తెలీనే తెలీదు! కట్టింది మా అమ్మ. పొయ్యి పక్కన కూర్చుని, చేతిలో ముద్ద పట్టుకుని. ఆ కథ పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను."

"వదినగారూ, ఒక్క రోజు..."

"ఎన్ని వేల కాన్పులు చేశానో నాకే తెలీదు. ఏ బిడ్డ తల్లినీ మార్చలేదు."

ఈ వాక్యానికి జవాబు మామగారి మూడు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

అప్పుడే గడియ తీసిన చప్పుడైంది.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం కనబడుతుందనుకుంది కోడలు. కప్పు పక్కన పెట్టి, పట్టుకోవడానికి చేతులు కూడా చాచింది. తలుపు తీసిన మనిషి జుట్టు రేగి ఉంది, నిన్నటి బట్టలే ఒంటి మీద ఉన్నాయి. కానీ కళ్ళు! కొత్త బొమ్మ దొరికిన పిల్లకి కూడా అంత వెలుగు ఉండదు.

"అక్కా, వత్తి ఎగదోస్తున్నానన్నావు చూడు, అప్పుడు అమ్మ ముందు ఏమంది? నీడ అలిగింది అందా, పారిపోయింది అందా?"

పెద్దత్తయ్య తెల్లబోయింది. "ఇదేం ప్రశ్నే? తలుపేసుకుని ఆలోచించింది ఇదా?"

"చెప్పవే! జ్ఞాపకం చేసుకో. తొందరేం లేదు."

అన్నదే కానీ, ఆవిడ నిలబడ్డ తీరులో తొందర తప్ప ఇంకేం లేదు. అక్క చెయ్యి పట్టుకుని సోఫాలోకి లాగి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. కోడలికి ఆ కూర్చోవడం తెలుసు. ఎవరి నోటి నుంచైనా కథ వినేటప్పుడు ఆవిడ అలాగే, సగం పీట మీదా సగం గాల్లోనూ కూర్చుంటుంది.

"అలిగింది అనే అంది" అంది పెద్దత్తయ్య నెమ్మదిగా. "ఆ పొద్దున నాన్నతో మాటా మాటా అనుకుని తనే అలిగి ఉంది. నీకు గుర్తుండదు, నువ్వు చిన్నదానివి. కంచం కూడా పెట్టుకోలేదు. నీకు పెడుతూ, నీడ అలిగిందమ్మా, దానికెవరూ పెట్టలేదు, అంది. అని తను కూడా ఒక ముద్ద తింది. సగం నీకు, సగం నాకు అంటూ."

ఎన్నేళ్ళు చదివింది కోడలు ఆ కథ! సగం ముద్ద అంటే పంట పంపకానికి గుర్తు అని తన థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం రాసింది. అది ఆకలితో ఉన్న ఒక ఇల్లాలు పిల్ల కంచంలోంచి తీసుకున్న ముద్ద అని ఏ పుస్తకం చెబుతుంది?

"అమ్మ ఇంకెవరికీ చెప్పలేదు కదూ?" అడిగింది అత్తగారు.

"నీకు తప్ప ఎవరికి కావాలి ఆ కథ?"

"మరి కొండ మీదికి ఎలా వెళ్ళింది?" మామగారు అడిగారు.

అత్తగారు నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నేనే తీసుకెళ్ళానండీ. రాత్రి గుర్తొచ్చింది. డాక్టరేట్‌లో చేరిన కొత్త. టేప్ రికార్డరు కూడా లేదు. ఊరికే చెయ్యి చాపితే ఎవరూ కథ చెప్పరు, ముందు నువ్వొకటి చెప్పు, అనేవారు మా గురువుగారు. వాగు పొంగి ఒక గూడెంలో చిక్కుకుపోయాను. పొయ్యి చుట్టూ ఆడవాళ్ళు. ఎవరూ నోరు విప్పరు. సరే అని నేనే మొదలుపెట్టాను. నాకు వచ్చిన కథ ఒక్కటే కదా. ఒకామె బిడ్డకి పాలిస్తూ, మళ్ళీ చెప్పు, అంది. మళ్ళీ చెప్పాను. పొద్దున్నే వాగు తగ్గింది, వచ్చేశాను. వాళ్ళు ఒక్క కథా చెప్పలేదని మా గురువుగారి దగ్గర ఏడ్చాను కూడా."

"అవ్వ పాడింది అక్కడ కాదు కదా అత్తయ్యా" అంది కోడలు.

"రెండు కొండల అవతల. తొమ్మిదేళ్ళ తర్వాత. అందుకే నాకు తట్టలేదు."

"మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది అంది కదా. మరి అది అబద్ధమా?"

"ఛ! ఆ మహాతల్లి అబద్ధమాడలేదే. ఆవిడకి నిజంగానే అలా అనిపించింది. తొమ్మిదేళ్ళలో ఎన్ని నోళ్ళు మారిందో! ఒక్కొక్క ఆడది తన దిగులు కాస్త, తన ఆకలి కాస్త అందులో కలుపుకుంటూ పోయింది. అన్నం తినని పిల్ల పోయి, ఒక జాతికంతా తొలి తల్లి అయి కూర్చుంది. తొమ్మిదేళ్ళలో వెయ్యేళ్ళ వయసొచ్చింది దానికి!" ఆవిడ లేచి నిలబడింది. "కథ ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో కళ్ళారా ఒక్కటంటే ఒక్కటి చూడాలని జీవితమంతా తిరిగానే. ఎవరికీ దొరకలేదు. పుట్టిన కథలే దొరుకుతాయి అందరికీ. ఇది మా ఇంట్లో పుట్టింది. మా అక్క చూసింది. నా నోటితో కొండెక్కింది. పెద్దదై వచ్చి నా ఎదుటే నిలబడితే, నువ్వెవరమ్మా, ఎంత పాతదానివమ్మా అని దణ్ణం పెట్టాను!"

ముప్పై ఏళ్ళు కట్టుకున్న ఇల్లు ఒక్క మాటతో కూలితే, ఆ మట్టిలో నిలబడి ఇంత సంబరపడే మనిషి ఉంటుందా? ఈవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చదువుకున్నాను కదా, అనుకుంది కోడలు. ఆ మరుక్షణమే రేపటి ఇంటర్వ్యూ గుర్తొచ్చింది.

"ఇవాళ ఇదే చెబుతాను" అంది అత్తగారు. "ఆ పాత ఉపన్యాసం అవతల పారేస్తాను."

"అమ్మాయి సంగతి?" మామగారి గొంతు లేచింది. ఆ ఇంట్లో అది లేవడం అరుదు. "నీకేం, నువ్వు రిటైరైపోతున్నావు. నీ కథ పోయినా పెన్షన్ పోదు. దాని థీసిస్ నీ మాట మీద నిలబడి ఉంది. నువ్వు ఇవాళ తోస్తే రేపు అది ఎక్కడ పడుతుంది? చైర్మను మొదటి వరసలో కూర్చుంటాడు!"

అత్తగారి మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. నిజంగా ఆవిడకి ఆ ఆలోచనే రాలేదని అందరికీ తెలిసిపోయింది. కోడలి వైపు తిరిగింది.

అప్పుడే కోడలి భర్త క్లినిక్‌కి బయల్దేరుతూ గదిలోకి వచ్చాడు. పళ్ళ డాక్టరు. ఇంటినిండా ప్రొఫెసర్లని భరించడానికే ఆ చదువు చదివానంటాడు.

"ఏముందమ్మా ఇందులో? పుచ్చిన పన్ను పీకెయ్యాల్సిందే. కాకపోతే రేపు సాయంత్రం పీకు."

ఎవరూ నవ్వలేదు. అతను చెప్పులేసుకుని మెల్లిగా జారుకున్నాడు.

"నువ్వు చెప్పమ్మా" అంది అత్తగారు. "నువ్వు వద్దంటే చెప్పను."

కోడలు పెద్దత్తయ్య వైపు చూసింది. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. మామగారు పేపరు చేతిలోకి తీసుకున్నారు, తలకిందులుగా. అందరూ తనకి దారి ఇస్తున్నట్టే ఉంది, ఎవరూ తోడు రావడం లేదు.

"ఒక్క రోజు ఆగండి అత్తయ్యా" అంది చివరికి, నేల చూపులు చూస్తూ. "రేపు మధ్యాహ్నం మీరే అందరికీ చెప్పండి. నేనూ మీ పక్కన నిలబడతాను. ఇవాళ వద్దు."

"సరే" అంది అత్తగారు.

మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. కోపగించుకుని ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

సాయంత్రానికి హాలు కిటకిటలాడింది. పాత విద్యార్థులు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మొదటి వరసలో కోడలి పక్క కుర్చీలోనే చైర్మను కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, ఒళ్ళో తోలు సంచి. చరిత్రలో పేరు మోసిన మనిషి. ఒక్క పాత నాణెం చూసి ఒక రాజు పాలన మొత్తం చెప్పగలడంటారు.

"మీ థీసిస్ నిన్ననే పూర్తిచేశాను" అన్నాడు ఆమె వైపు వంగి. "రేపు మనం ఈ కథ గురించే మాట్లాడుకుందాం."

కోడలు తలూపింది.

వేదిక మీద అత్తగారు పాత ఉపన్యాసమే మొదలుపెట్టింది. పాత జోకులకి జనం పాత నవ్వులే నవ్వారు. ఆ గొంతులో ఏం లోపించిందో హాల్లో ఒక్క కుటుంబానికే తెలుసు. జీవితంలో మొదటిసారి ఆవిడ ఒప్పజెబుతోంది.

తర్వాత టేపు వేసింది.

కొండ అవ్వ గొంతు హాలంతా పరుచుకుంది. గాలికి అరిగిపోయిన గొంతు, అక్కడక్కడా దగ్గు. కోడలు దాన్ని ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ప్రతి మాటకీ అర్థం రాసింది, పటం గీసింది. కానీ ఇవాళ వింటున్నది వేరు. తల్లి నీడ కాళ్ళు పట్టుకుని, సగం నీకు సగం నాకు అని బతిమాలుతుంటే, కోడలికి కొండలు కనబడలేదు. ఒక వంటిల్లు కనబడింది. గోడ మీద ఊగుతున్న ఒక చిన్న నీడ, పొద్దుటి నుంచి ఏమీ తినని ఒక ఆడమనిషి. తను ఫొటోలో తప్ప చూడని మనిషి. అచ్చుపుస్తకం తెరవని ఆ మనిషి ఒక పిల్ల ఏడుపు ఆపడానికి అన్న రెండు మాటలు, వాగులు దాటి, కొండలెక్కి, ఎవరెవరి దుఃఖమో మోసుకుని ఇక్కడికొచ్చి, ఇంతమంది చదువుకున్నవాళ్ళని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టాయి. చైర్మను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. మూడో వరసలో పెద్దత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అబ్బ, ఎంత గొప్పది ఇది! వెయ్యేళ్ళ నాటిది కాకపోవడమే కదా దీని గొప్ప, అనుకుంది కోడలు. దీన్ని దాచమని అడిగింది తను.

టేపు ఆగింది. ఈ చోట అత్తగారు ఎప్పుడూ అనే వాక్యం ఒకటుంది. ఇది వెయ్యేళ్ళ నాటి గొంతు అని. జనం దానికోసమే చూస్తున్నారు. ఆవిడ నోరు తెరిచింది. కోడలి వైపు ఒక్కసారి చూసి, మూసుకుంది. నిజం చెప్పనని మాటిచ్చింది కానీ, అబద్ధం ఆడతానని ఇవ్వలేదు కదా. గ్లాసెడు మంచినీళ్ళు తాగి, "ప్రశ్నలేమైనా ఉంటే అడగండి" అంది.

చప్పట్లు మొదలవబోయి తడబడ్డాయి. ఇంత తొందరగా అయిపోయిందా అని జనం మొహాలు చూసుకున్నారు.

కోడలి చెయ్యి లేచింది. తనే లేపిందో, దానంతటదే లేచిందో ఆమెకే తెలియదు.

వేదిక మీది నుంచి అత్తగారు వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పింది. ఎవరో మైకు తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. ఆమె లేచి నిలబడింది.

"ప్రశ్న కాదు. ఈ కథ ఎవరు కట్టారో మాకు నిన్న తెలిసింది. దీని వయసు వెయ్యేళ్ళు కాదు. ఈ కథ మీద నేను రాసిన థీసిస్ తప్పు."

హాల్లో కలకలం రేగింది. వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. మామగారు కళ్ళు మూసుకున్నారు. అత్తగారు కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, ఒక్కొక్క మెట్టూ దిగి కిందికి వచ్చింది. కోడలి భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా పక్కకి జరిపి, ఆమె ఖాళీ చేసిన కుర్చీలో, చైర్మను పక్కన కూర్చుంది.

"పైకెళ్ళి చెప్పమ్మా" అంది. "మొదట్నుంచీ చెప్పు. మేం వింటాం."

కోడలు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే చైర్మను లేచాడు.

"ఒక్క నిమిషం. ఇది మీకు తెలుసనుకుంటాను, అయినా అడుగుతున్నాను" అన్నాడు నింపాదిగా. "ఈ మాటలు ఇప్పుడు ఇంతమంది ముందు అంటే, రేపు నేను వాటిని విననట్టు నటించలేను. రేపు కమిటీ ముందే చెప్పుకోవచ్చు మీరు. బాగా ఆలోచించుకోండి."

హాలంతా ఆమె వైపే చూస్తోంది. కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ చూపు కలపలేదు. ఈసారి ఏ సైగా చెయ్యలేదు.

"రేపు చెబితే నా ఉద్యోగం కోసం చెప్పినట్టుంటుంది సార్" అంది కోడలు. "ఇవాళ చెబితే ఈ కథ కట్టినావిడ కోసం."

చైర్మను కూర్చుని, తోలు సంచిలోంచి ఆమె థీసిస్ బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ తెరిచి, "చెప్పండి" అన్నాడు.